అసిట్రోమ్, వార్ఫరిన్ వాడేవాళ్లు ఐఎన్ఆర్‌ను నిలకడగా ఉంచుకోవడం ఎలా

అసిట్రోమ్, వార్ఫరిన్ రక్తం పలచబరిచే మాత్రలు. రక్తం గడ్డకట్టడానికి ఎంత సమయం పడుతుందో చూపే పరీక్ష అంకె ఐఎన్ఆర్. అది మరీ పెరిగితే రక్తస్రావం, మరీ తగ్గితే గడ్డల ప్రమాదం. రక్తం గడ్డకట్టించే 2, 7, 9, 10 కారకాలనే ప్రొటీన్లను కాలేయం తయారు చేసేటప్పుడు విటమిన్ కె ఖర్చవుతుంది. ఖర్చయినదాన్ని తిరిగి పనికొచ్చేలా మార్చే ఎంజైమ్ పేరు వీకేఓఆర్. అసిట్రోమ్, వార్ఫరిన్ అడ్డుకునేది దీన్నే. కానీ తిండితో వచ్చే కొత్త విటమిన్ కెను పనిలోకి దించే మరో ఎంజైమ్ ఉంది, అది ఈ మందుకు లొంగదు. పాలకూర ఎక్కువ తింటే ఐఎన్ఆర్ పడిపోయేది అందుకే.

అలాగని ఆకుకూరలు మానేయడం పెద్ద పొరపాటు. ఒంట్లో విటమిన్ కె నిల్వ తక్కువగా ఉంటే ఏ చిన్న మార్పుకైనా ఐఎన్ఆర్ ఊగిపోతుంది. వారానికి రెండుసార్లు పాలకూర పప్పు, ఒకసారి గోంగూర మీ అలవాటైతే అదే లెక్కన తినండి. రైతుబజార్‌లో చవగ్గా దొరికాయని ఒక్క వారంలో పది కట్టలు వండొద్దు. మునగాకు పొడి, ఆకుల జ్యూసులు కొత్తగా మొదలుపెట్టొద్దు. కార్తీక ఉపవాసాలకు, రంజాన్ రోజాలకు ముందే డాక్టర్‌తో మాట్లాడండి. తిండి తగ్గితే ఐఎన్ఆర్ పెరగొచ్చు.

మాత్ర రోజూ సాయంత్రం ఒకే వేళకు వేసుకోండి. పొద్దున ఇచ్చిన రక్తం రిపోర్టు చూసి డాక్టర్ ఆ రోజు డోసే మార్చగలుగుతారు. మర్చిపోతే అదే రోజు గుర్తొచ్చినప్పుడు వేసుకోండి, మర్నాడు రెండు కలిపి వద్దు. డోసు మార్చిన మర్నాడే పరీక్ష చేయిస్తే అసలు సంగతి తెలియదు. రక్తంలో ముందే ఉన్న 2వ కారకం సగానికి తగ్గడానికే రెండున్నర రోజులు పడుతుంది.

అసిట్రోమ్ 1, 2, 3, 4 మిల్లీగ్రాముల్లో వస్తుంది. మెడికల్ షాపులో స్ట్రిప్ మీది అంకె చదివాకే డబ్బులివ్వండి.

ల్యాబ్‌లో నీలం మూత ట్యూబ్ గీత దాకా నిండాలి. అందులో రక్తం గడ్డకట్టకుండా ఉంచే సిట్రేట్ ద్రవం ఒక వంతుకు తొమ్మిది వంతుల రక్తం లెక్క. తక్కువ నింపితే ఐఎన్ఆర్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, దాన్ని నమ్మి డోసు తగ్గిస్తే, గుండెలో కృత్రిమ వాల్వ్ ఉన్నవాళ్లకు దాని మీద గడ్డ కట్టే ప్రమాదం. రిపోర్టు అనుకోనంత ఎక్కువొస్తే, రక్తస్రావం లేకపోతే, మళ్లీ తీయించాలా అని అడగండి.

ఎక్కువగా కొంప ముంచేవి వేరే మందులు. విరేచనాలకిచ్చే మెట్రోనిడజోల్, ఫంగస్‌కిచ్చే ఫ్లూకొనజోల్, బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్లకిచ్చే కోట్రైమాక్సజోల్ ఐఎన్ఆర్‌ను పెంచేస్తాయి. మొదలుపెట్టిన 3–5 రోజుల్లో పరీక్ష తప్పదు. టీబీకిచ్చే రిఫాంపిసిన్ తగ్గిస్తుంది, అది ఆపేశాక రెండు మూడు వారాల్లో ఐఎన్ఆర్ మళ్లీ పైకి ఎక్కుతుంది. ఇది చాలామంది పట్టించుకోరు. ఒళ్లునొప్పులకు డైక్లోఫెనాక్, బ్రూఫెన్ సొంతంగా వేసుకోవద్దు. క్లినిక్‌లో నడుముకు సూది వేస్తామంటే, రక్తం పలచబరిచే మందు వాడుతున్నానని ముందే చెప్పండి. కండలో రక్తం చేరి గడ్డలా వాచిపోతుంది.

ఐఎన్ఆర్ సాధారణ లక్ష్యం 2–3, గుండెలో మైట్రల్ స్థానంలో మెటల్ వాల్వ్ ఉన్నవాళ్లకు 2.5–3.5. అంతకు మించి పెరిగితే అదే రోజు డాక్టర్‌కు ఫోన్ చేయండి. మలం తారులా నల్లగా వచ్చినా, మూత్రం ఎర్రగా వచ్చినా, తలకు దెబ్బ తగిలినా, పైకి బాగానే ఉన్నా సరే, నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి. మాత్రల స్ట్రిప్, చివరి రిపోర్టు వెంట తీసుకెళ్లండి. గర్భం అనుమానం వస్తే మందు సొంతంగా ఆపకుండా ఆ రోజే డాక్టర్‌కు చెప్పండి, ముఖ్యంగా 6–12 వారాల మధ్య ఇది బిడ్డ ఎముకల ఎదుగుదలను దెబ్బతీస్తుంది.