మామ్మ మాటలు రికార్డు చేయాలంటే

దివిసీమలో ఎవర్నైనా పెద్దావిడని కూర్చోబెట్టి "ఉప్పెన గురించి చెప్పండి మామ్మా" అని అడగండి, "ఏముంది బాబూ, అందరూ పోయారు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంది. అదే "ఆ రోజు పొయ్యి మీద ఏం పెట్టారు?" అని అడిగి చూడండి. నేనడిగినప్పుడు ఒకావిడ గంటంపావు మాట్లాడింది, తడిసిన కట్టెల దగ్గర్నుంచి ఎవరి తాడిచెట్టు ఎవర్ని కాపాడిందో దాకా. ఊరి చరిత్ర చెప్పమంటే ఎవరూ చెప్పలేరు, వస్తువు గురించో చోటు గురించో అడిగితే చెప్తారు. చెరువు గట్టు, పాత రేషన్ కార్డు, పెళ్లి ఫోటో, ఏదైనా సరే.

సంవత్సరాలు మాత్రం అడక్కండి, టెన్షన్ పడతారు. 1977 నవంబర్ 19 అని మనకి తెలుసు, వాళ్లకి అది ఉప్పెన ఏడాది. "మీ పెద్దబ్బాయి అప్పటికి నడుస్తున్నాడా?" అంటే లెక్క దానంతటదే తేలుతుంది. వెళ్లే ముందే ఒక కాగితం మీద ఇలాంటి గుర్తులు రాసుకోండి: 1972 జై ఆంధ్రా, 1975 ఎమర్జెన్సీ, 1983లో ఎన్టీఆర్ గెలవడం. తెలంగాణ ఊళ్లయితే 1948 పోలీసు యాక్షన్, 1969 ఉద్యమం. మీ ఊరికే ప్రత్యేకమైనవి కూడా కలపండి, కరెంటు ఎప్పుడొచ్చింది, మొదటి బస్సు ఎప్పుడొచ్చింది, అలా.

ఫోన్ చాలు. ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, ఫ్యాన్ ఆపి, మనిషికి మూరెడు దూరంలో ఉంచండి. సీరియల్ టైములో వెళ్లారో, ఇక అంతే. పేరు, ఊరు, తేదీ చెప్పి, "రికార్డు చేస్తున్నాం, ఎవరికైనా వినిపించవచ్చా?" అని అడిగి, ఆ జవాబు కూడా రికార్డులోనే ఉండేలా చూసుకోండి. కులం గొడవలు, కేసులు, భూముల తగాదాలు వస్తే ఆ ముక్క ఎవరికి వినిపించాలో మళ్లీ విడిగా అడగాలి.

అసలు సమస్య కొడుకులతో. "మా అమ్మకేం తెలుసండీ, నేను చెప్తా" అని మధ్యలో దూరతారు. కాదనకండి, "మీతో రేపు గంట కూర్చుంటా అన్నయ్యా" అని ఆయనకి వేరే టైము ఇచ్చేయండి. నిజంగానే ఆయన దగ్గర కూడా ఏదో ఒకటి ఉంటుంది.

ఇలా రికార్డు చేయడానికి వెళ్లే కుర్రాళ్లకి ట్రైనింగ్ అంటే పెద్ద క్లాసులేం అక్కర్లేదు. ఒక్కొక్కళ్లూ సొంత మామ్మనో తాతనో అరగంట రికార్డు చేసుకొచ్చి, అందరూ కలిసి వినండి, ఎక్కడ అడ్డుపడ్డారో వాళ్లకే వినబడుతుంది. నా మొదటి రికార్డింగ్ నిండా "ఆహా", "అవునా", "అయ్యో" అంటూ నా గొంతే, సిగ్గేసింది. ఆవిడ ఆగినప్పుడు మనసులో పది లెక్కపెట్టండి. చాలాసార్లు తొమ్మిది దగ్గర మళ్లీ మొదలెడతారు, అప్పుడొచ్చేదే అసలు మాట.

రికార్డు విని రాసేటప్పుడు యాసని దిద్దకండి. ఆవిడ "వత్తన్నాం" అంటే "వస్తున్నాం" అని రాయొద్దు. ఫైలుకి తేదీ, ఊరు, పేరు పెట్టి కనీసం రెండు చోట్ల దాచండి, వాట్సాప్‌లో పంపి ఊరుకుంటే ఫోన్ మారినప్పుడు పోతుంది. మొదటి కాపీ మాత్రం ఆ ఇంటికే, లేచి వచ్చేలోపే మనవడి ఫోన్లోకి ఎక్కించేయండి.