పిల్లి షుగర్ దిగకపోతే ముందు సిరంజీ చూడండి

రెండు పూటలా ఇన్సులిన్ వేస్తున్నా పిల్లి గిన్నెల కొద్దీ నీళ్లు తాగుతూనే ఉందా? డోసు పెంచేముందు సిరంజీ మూత రంగు చూడండి. మన మందుల షాపుల్లో ఎర్ర మూతది 40 రకం (మిల్లీలీటరుకు 40 యూనిట్లుండే ఇన్సులిన్‌కు), నారింజ మూతది 100 రకం (మిల్లీలీటరుకు 100 యూనిట్లుండేదానికి). మా దగ్గర తేడా వచ్చింది ఇక్కడే: 40 రకం మందు, నారింజ మూత సిరంజీ. 3 గీతలు లాగినా లోపలికి వెళ్లింది 1.2 యూనిట్లే.

సరైన సిరంజీ తెచ్చాక పాత 3 గీతలే కొనసాగిస్తే ప్రమాదం. అసలు వెళ్తున్నదెంతో లెక్కగట్టి, డాక్టరుతో మాట్లాడి డోసు మళ్లీ మొదలుపెట్టాలి. తిరగేస్తే ఇంకా ఘోరం: గ్లార్జిన్ అనే ఇన్సులిన్ 100 రకం, ఎర్ర మూత సిరంజీలో 1 గీత అంటే 2.5 యూనిట్లు. షుగర్ పడిపోయి పిల్లి తూలుతుంది, ఫిట్స్ కూడా రావచ్చు. అప్పుడు చిగుళ్లకు తేనె రాసి వెంటనే ఆసుపత్రికి.

ఇంట్లో షుగర్ చూసేటప్పుడు చెవి అంచున రక్తం రాకపోతే గోరువెచ్చటి దూదితో కాసేపు అదిమి గుచ్చండి. మనుషుల గ్లూకోమీటర్ పిల్లికి కాస్త తక్కువ చూపిస్తుంది. గ్లార్జిన్ సీసాను కుదపకండి. మబ్బుగా మారితే పారేయడమే.