ప్రొఫెషనల్ ప్లేయర్ మైదానం బయట ఎవరిమీదైనా చెయ్యి చేసుకుంటే లీగ్‌కి, ఫెడరేషన్‌కి కంప్లైంట్ ఎలా పెట్టాలి

పోలీస్ కేసు తేలేదాకా లీగ్‌కి ఏమీ చెప్పకూడదేమో అనుకుని చాలామంది నెలల తరబడి ఆగిపోతారు, ఆగక్కర్లేదు. కేసు కేసే, లీగ్‌లో పెట్టే కంప్లైంట్ కంప్లైంటే, రెండూ వేర్వేరు దారులు. భార్యనో గర్ల్‌ఫ్రెండ్‌నో ఇంట్లో పనిచేసే మనిషినో, బార్‌లో ముక్కూమొహం తెలియనివాడినో ఒక ప్రొఫెషనల్ ప్లేయర్ కొట్టాడంటే అందరిలాగే చట్టానికి జవాబు చెప్పాలి, దాంతోపాటు తను సంతకం పెట్టిన కాంట్రాక్టుకి కూడా జవాబు చెప్పాలి. ఈ రెండోదాని గురించి బాధితులకి ఎవరూ సరిగ్గా చెప్పరు, క్లబ్ వాళ్ళు ఎలాగూ చెప్పరు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

అమెరికాలో మేజర్ లీగ్ బేస్‌బాల్, ప్లేయర్స్ యూనియన్ కలిసి 2015 ఆగస్టులో గృహహింస మీద ఒక పాలసీ పెట్టుకున్నాయి. దాని కింద మొదట సస్పెండ్ అయినవాడు అరోల్డిస్ చాప్‌మన్, 2016లో 30 మ్యాచ్‌లు. అతని మీద క్రిమినల్ చార్జీలే పెట్టలేదు, అయినా సస్పెన్షన్ పడింది. అదే ఏడాది హోసే రేయెస్ విషయంలో భార్య సహకరించలేదని ప్రాసిక్యూటర్లు కేసు వదిలేశారు, లీగ్ మాత్రం వదల్లేదు, మే 31 దాకా జీతం లేకుండా పక్కన కూర్చోబెట్టింది. ఎందుకంటే క్రిమినల్ కోర్టులో అనుమానానికి తావు లేకుండా రుజువు కావాలి, క్రమశిక్షణ విచారణల్లో చాలాచోట్ల చూసేది జరిగి ఉండటానికే ఎక్కువ అవకాశం ఉందా లేదా అని. అంటే కోర్టులో నిలబడని కేసు కూడా లీగ్ దగ్గర నిలబడొచ్చు.

ముందు మీరు సేఫ్‌గా ఉండాలి

ప్రాణభయం ఉంటే ఇదంతా పక్కన పెట్టి ముందు ఎమర్జెన్సీ నంబర్‌కి ఫోన్ చెయ్యండి, డాక్టర్‌కి చూపించుకోండి. లీగ్ అంటే పోలీస్ కాదు, అతను మీ గుమ్మం దాకా రాకుండా ఆపే అధికారం దానికి లేదు, అది కోర్టు ఇచ్చే ప్రొటెక్షన్ ఆర్డర్‌తోనే అవుతుంది. ఆర్డర్ చేతికొస్తే దాని కాపీ కంప్లైంట్‌కి జత చెయ్యండి.

చాలామంది ఆలోచించని విషయం ఇంకోటుంది. మీరు కంప్లైంట్ పెట్టారని ఏదో ఒక దశలో అతనికి చెప్తారు, చెప్పాలి కూడా, జవాబు ఇచ్చుకునే హక్కు అతనికుంది. కాబట్టి ఆ కబురు అతనికి చేరే రోజుకి మీరు ఎక్కడుంటారో ముందే చూసుకోండి. టీమ్ మ్యాచ్‌ల షెడ్యూల్ అందరికీ తెలిసేదే, టూర్ ఎప్పుడు అయిపోతుంది, ఇంటికి ఎప్పుడొస్తాడు అన్నది చూసుకుని దానికి ముందే పిల్లలతో సహా వేరేచోటికి మారిపోయి అప్పుడు పంపించండి. కంప్లైంట్‌లో ఇప్పుడుంటున్న అడ్రస్ రాయొద్దు, లాయర్ అడ్రస్సో నమ్మకమైనవాళ్ళ ఈమెయిలో ఇస్తే చాలు.

ఎవరికి పంపాలి

అతను ఎవరెవరితో కట్టుబడి ఉన్నాడో చూడండి. క్లబ్‌తో కాంట్రాక్టు ఉంటుంది, అందులో ఆటకి చెడ్డపేరు తెచ్చే ప్రవర్తన గురించి ఒక క్లాజు దాదాపు ఖాయంగా ఉంటుంది. లీగ్‌కి సొంత కండక్ట్ పాలసీ ఉంటుంది. నేషనల్ టీమ్‌కి ఆడేవాడైతే ఫెడరేషన్ కోడ్ ఉంటుంది. ఉద్యోగం ఇచ్చిన సంస్థ వేరే ఉంటే దాని రూల్స్ కూడా వర్తిస్తాయి, రెజ్లర్ సుశీల్ కుమార్‌నే తీసుకోండి, 2021లో ఒక యువ రెజ్లర్ హత్య కేసులో అరెస్టవగానే నార్తర్న్ రైల్వే అతన్ని ఉద్యోగం నుంచి సస్పెండ్ చేసింది, తీర్పు వచ్చేదాకా ఆగలేదు.

క్లబ్‌కి ఒక్కదానికే పంపి ఊరుకోవద్దు, ఇది గట్టిగా చెప్తున్నా. వచ్చే వారం అతను ఆడాలి అన్నది క్లబ్‌కి అవసరం, అదే మనుషులు మీ కంప్లైంట్ చదువుతారు. లీగ్‌లో ఇంటిగ్రిటీ డిపార్ట్‌మెంట్ అనో, ప్లేయర్ కండక్ట్ అనో, సేఫ్‌గార్డింగ్ అనో ఒకటి ఉంటుంది, వెబ్‌సైట్‌లో అడుగున ఎక్కడో చిన్న లింక్ పెడతారు, వెతికి పట్టుకోండి. అమెరికాలో ఒలింపిక్ క్రీడలకైతే సేఫ్‌స్పోర్ట్ సెంటర్ అని 2017 నుంచి విడిగా నడుస్తోంది, ఆన్‌లైన్ ఫారం ఉంది, పేరు చెప్పకుండా కూడా రిపోర్ట్ చెయ్యొచ్చు, కానీ అమెరికన్ ఫుట్‌బాల్, బేస్‌బాల్ లాంటి ప్రొఫెషనల్ లీగ్‌లు దాని పరిధిలోకి రావు. ప్లేయర్స్ యూనియన్ అతని తరఫున ఉండే సంస్థ, అక్కడివాళ్ళు ఎంత మర్యాదగా మాట్లాడినా మీ లాయర్ కాదు.

బాధితులే పెట్టాలని కూడా లేదు, చూసినవాళ్ళు, తల్లిదండ్రులు, పక్కింటివాళ్ళు, టీమ్‌లోనే పనిచేసే స్టాఫ్ కూడా ఇవ్వొచ్చు. కాకపోతే బాధితురాలికి చెప్పకుండా పెట్టొద్దు, అటువైపు నుంచి వచ్చే కోపం పడేది ఆమె మీదే.

కంప్లైంట్ ఎలా రాయాలి

నాకు తెలిసిన ఒకావిడ మొదటిసారి తొమ్మిది పేజీలు రాసుకుంది. ఎలా పరిచయమయ్యాడు, పెళ్ళికి ఎవరెవరు వద్దన్నారు, వాళ్ళమ్మ ఎన్నెన్ని మాటలంది, అన్నీ ఉన్నాయి, అన్నీ నిజమే, కానీ కొట్టిన సంగతి ఆరో పేజీలో వచ్చింది. ఇద్దరం ఒక రోజంతా కూర్చుని ఒకటిన్నర పేజీకి తెచ్చాం. మొదటి లైన్ ఇలా మారింది: "మార్చి 14 రాత్రి సుమారు 11:20కి మా ఫ్లాట్ కిచెన్‌లో అతను నా ఎడమ మణికట్టు పట్టుకుని తలుపుకేసి కొట్టాడు, పక్క గదిలో ఉన్న మా చెల్లి శబ్దం విని వచ్చింది." ఆ లైన్ రాయడానికి ఆవిడకి గంట పట్టింది, మధ్యలో రెండుసార్లు లేచి బాల్కనీలోకి వెళ్ళిపోయింది. కానీ చదివే ఆఫీసర్‌కి ఆ ఒక్క లైన్‌లో తేదీ, టైము, చోటు, దెబ్బ, సాక్షి ఐదూ దొరికాయి.

అలాగే రాయండి. ఒక్కో సంఘటనకి ఒక్కో పేరా, జరిగిన వరసలో. టైము కచ్చితంగా గుర్తులేకపోతే "సుమారు" అనండి, ఊహించి అంకె వెయ్యొద్దు, ఒక్క టైము తప్పని తేలితే చాలు, అతని లాయర్ మిగతావాటిని కూడా తప్పంటాడు. "రాక్షసుడు" లాంటి మాటలు తీసెయ్యండి, మీ కోపం న్యాయమైనదే, అయినా అక్కడ దాని బదులు అతను చేసింది చెప్తే సరిపోతుంది. చివర్లో మీకేం కావాలో విడిగా రాయండి: విచారణ, అది తేలేదాకా టీమ్‌కి దూరంగా పెట్టడం, మిమ్మల్ని కాంటాక్ట్ చెయ్యొద్దని అతనికి రాతపూర్వక ఆదేశం, మీ పేరు బయటికి రాకుండా చూడటం, ఏ నిర్ణయమైనా మీడియాకి ఇచ్చేముందు మీకు చెప్పడం. ఈ ఆఖరిది అడగకపోతే సస్పెన్షన్ సంగతి మీరు కూడా టీవీలోనే చూస్తారు, ఆ పూట మీ ఇంటి ముందు కెమెరాలుంటాయి.

ఆధారాల విషయానికొస్తే దెబ్బల ఫోటోలు మొదటి రోజు ఒకసారి, రెండు మూడు రోజుల తర్వాత ఇంకోసారి తియ్యండి, కమిలిన మచ్చలు తర్వాతే బాగా కనిపిస్తాయి. మెసేజ్‌ల స్క్రీన్‌షాట్‌లో తేదీ, నంబర్ కనపడాలి, ఫోన్‌లో ఒరిజినల్ డిలీట్ చెయ్యొద్దు. డాక్టర్ రికార్డు, పోలీసులకి ఇచ్చిన కంప్లైంట్ కాపీ, సాక్షుల పేర్లు జత చెయ్యండి, సాక్షుల్ని ముందే అడిగి. చెప్పకుండా రికార్డ్ చేసిన ఆడియో ఉంటే పంపేముందు లాయర్‌ని అడగండి, కొన్ని దేశాల్లో అది చట్టవిరుద్ధం.

పంపడం, రసీదు

ఏది పంపినా అందినట్టు రాతపూర్వకంగా తీసుకోండి. అమెరికన్ ఫుట్‌బాల్ ప్లేయర్ రే రైస్ సంగతి గుర్తుందా, 2014 ఫిబ్రవరిలో అట్లాంటిక్ సిటీలో ఒక కేసినో లిఫ్ట్‌లో కాబోయే భార్యని కొడితే ఆవిడ స్పృహ తప్పింది, అతను ఆడే లీగ్ ఎన్ఎఫ్ఎల్ మొదట వేసింది రెండు మ్యాచ్‌ల సస్పెన్షన్. సెప్టెంబర్‌లో లిఫ్ట్ లోపలి వీడియో బయటికొచ్చాక క్లబ్ అతన్ని తీసేసింది, లీగ్ నిరవధికంగా సస్పెండ్ చేసింది. ఆ వీడియో ఏప్రిల్‌లోనే లీగ్ ఆఫీసుకి పంపారని ఒక వార్త, మాకు రాలేదని లీగ్ మాట. రాబర్ట్ మ్యూలర్‌తో విచారణ చేయిస్తే, 2015 జనవరిలో ఆయన రిపోర్టు లీగ్‌కి అది అందిందనడానికి ఆధారం లేదు, కానీ లీగ్ ఇంకా బాగా ఆరా తియ్యాల్సింది అని తేల్చింది. అంత పెద్ద లీగ్‌లోనే అందిందా లేదా అన్నదానికి మాజీ ఎఫ్‌బీఐ డైరెక్టర్ రావాల్సి వచ్చింది. మీ కంప్లైంట్‌కి నంబర్ అడగండి, తీసుకున్నవాళ్ళ పేరు రాసుకోండి, ఈమెయిల్‌లో జతచేసిన ఫైళ్ళ లిస్టు మెయిల్‌లోనే టైప్ చెయ్యండి.

పైన చెప్పిన ఆవిడకి క్లబ్ నుంచి వచ్చింది రెండు లైన్లు, "మీ బాధ అర్థమైంది, ఇది కుటుంబ విషయం" అని. ఆ జవాబునే జతచేసి లీగ్‌కి పంపింది. నాలుగు రోజుల్లో నంబర్ వచ్చింది, వారం తర్వాత ఇన్వెస్టిగేటర్ ఫోన్ చేశాడు.

పంపాక ఏమవుతుంది

మిమ్మల్ని ఇంటర్వ్యూకి పిలుస్తారు. ఒంటరిగా వెళ్ళొద్దు, లాయర్‌నో తోడు మనిషినో తీసుకెళ్ళండి, అడిగేవాళ్ళకి జీతం ఎవరిస్తున్నారో ముందే అడగండి, క్లబ్ మనిషా లీగ్ మనిషా బయటి లా ఫర్మా అన్నది తెలియాలి. మీరు చెప్పింది రాసుకుంటే కాపీ అడగండి, ఎందుకంటే రేపు కోర్టులో మీ మాటకీ దానికీ తేడా ఉందని చూపించొచ్చు. ఫోన్ మొత్తం ఇచ్చెయ్యమంటే ఒప్పుకోవాల్సిన పనిలేదు, సంబంధించిన మెసేజ్‌లే ఇస్తానని చెప్పొచ్చు.

విచారణ జరిగేటప్పుడు అతను ఆడొచ్చా అన్నది ఒక్కో లీగ్‌లో ఒక్కోలా ఉంటుంది. బేస్‌బాల్‌లో కమిషనర్ జీతంతో ఏడు రోజులు పక్కన పెట్టగలడు, తర్వాత పొడిగిస్తూ పోతారు. ఎన్ఎఫ్ఎల్‌లో కమిషనర్ ఎగ్జెంప్ట్ లిస్ట్ అని ఉంది, జీతం వస్తుంది కానీ మ్యాచ్ ఆడటానికి లేదు. నాకు అన్నిట్లో న్యాయంగా అనిపించేది ఆస్ట్రేలియా రగ్బీ లీగ్ 2019లో తెచ్చిన నో ఫాల్ట్ రూల్. గరిష్ఠ శిక్ష 11 ఏళ్ళు లేదా అంతకన్నా ఎక్కువ ఉన్న నేరంలో చార్జ్ పడితే కోర్టు తేల్చేదాకా ఆటోమేటిక్‌గా ఆటకి దూరం, జీతం మాత్రం పూర్తిగా వస్తుంది. అంతకన్నా చిన్న చార్జీలైనా ఆడవాళ్ళ మీద, పిల్లల మీద జరిగినవైతే పక్కన పెట్టే అధికారం లీగ్ అధికారులకి ఉంది. తప్పు చేశాడని ఎవరూ అనట్లేదు, జీతం పోట్లేదు, కాకపోతే కేసు నడుస్తుండగా స్టేడియంలో చప్పట్లు కొట్టించుకోవడం ఆగుతుంది. ఒక ప్లేయర్ దీన్ని ఫెడరల్ కోర్టులో సవాల్ చేస్తే కోర్టు రూల్‌నే సమర్థించింది, తర్వాత అతని మీద చార్జీలు వదిలేశారు, అతను మళ్ళీ ఆటలోకి వచ్చాడు. రెండు వైపులా మనుషులున్నారని గుర్తుపెట్టుకున్న రూల్ అది.

శిక్ష విషయానికొస్తే ఎన్ఎఫ్ఎల్‌లో 2014 ఆగస్టు నుంచి మొదటి తప్పుకి ఆరు మ్యాచ్‌లు బేస్‌లైన్, అంటే లెక్క మొదలయ్యేది అక్కడ, బేస్‌బాల్‌లో ఇంత కనీసం ఇంత గరిష్ఠం అని లేదు. అప్పీల్ తప్పకుండా ఉంటుంది, తగ్గొచ్చు కూడా, ఎన్ఎఫ్ఎల్ ప్లేయర్ గ్రెగ్ హార్డీకి వేసిన పది మ్యాచ్‌లు 2015లో ఆర్బిట్రేటర్ (అప్పీల్ వినే మధ్యవర్తి) నాలుగుకి తగ్గించారు. రైస్ నిరవధిక సస్పెన్షన్ కూడా అప్పీల్‌లో కొట్టేశారు, ఒకే తప్పుకి రెండుసార్లు శిక్షించారని, అంటే లీగ్ మొదట్లోనే సరిగ్గా చెయ్యకపోవడం వల్ల.

ఒత్తిడి మొదలైతే

డబ్బు తీసుకుని సంతకం పెట్టమనే వాళ్ళు వస్తారు, టీమ్‌మేట్ భార్య ఫోన్ చేస్తుంది, కప్పు అయ్యేదాకా ఆగమంటారు. నోరు మెదపకూడదనే అగ్రిమెంట్ ఏదైనా మీ సొంత లాయర్‌కి చూపించకుండా సంతకం పెట్టొద్దు, ముఖ్యంగా పోలీసులకి, లీగ్‌కి మాట్లాడకూడదని అందులో ఉంటే. అభిమానుల బెదిరింపు మెసేజ్‌లు చదువుతూ కూర్చోవద్దు, ఇంకొకరికి ఫోన్ ఇచ్చి స్క్రీన్‌షాట్ తీయించి బ్లాక్ చేయించండి, అవి కూడా అదే కంప్లైంట్ నంబర్ కింద పంపండి. వెనక్కి తీసుకోవాలనిపిస్తే తీసుకోవచ్చు, మిమ్మల్ని ఎవరూ తప్పుపట్టకూడదు, కానీ లీగ్ విచారణ ఆపకపోవచ్చు, రేయెస్ విషయంలో అదే అయింది.

నెల దాటినా ఉలుకూపలుకూ లేకపోతే అదే నంబర్ వేసి మళ్ళీ రాయండి, ఈసారి పైనున్న ఇంటర్నేషనల్ ఫెడరేషన్‌కి కాపీ పెట్టండి. మొత్తం ఫైల్ ఒక కాపీ అతనికి పాస్‌వర్డ్ తెలియని కొత్త ఈమెయిల్‌లో, ఇంకో కాపీ మీరు ఉండని ఇంట్లో పెట్టండి.