తివాచీ మీద కిళ్ళీ మరక: ముందు పులుపు, తర్వాతే సబ్బు

బరంపురం, పర్లాకిమిడి వైపు ఇంట్లో ఏ శుభకార్యం జరిగినా తివాచీకి రెండు మరకలు ఖాయం: కిళ్ళీ, పసుపు. రెండింటికీ మన చెయ్యి ముందు సబ్బు మీదికే పోతుంది. పని చెడేది అక్కడే.

దిష్టి తీసే ఎర్రనీళ్ళు గుర్తు తెచ్చుకోండి. పసుపులో సున్నం పడగానే ఎరుపెక్కుతుంది. బట్టల సబ్బు కూడా సున్నంలాగే క్షారం, అందుకే పసుపు మరక మీద రుద్దితే ఎర్రగా తేలుతుంది. కంగారు పడొద్దు, వెనిగర్ నీళ్ళు అద్దితే మళ్ళీ పసుపు రంగుకి దిగుతుంది. కిళ్ళీలో సున్నం ముందే ఉంది. దాని క్షారం విరిచాకే కాచు సంగతి చూడాలి.

అంతకన్నా ముందు తివాచీ దేనితో నేసిందో తేల్చుకోండి. అంచు కింద నుంచి ఒక్క పోగు లాగి కాల్చండి. వెంట్రుకలు కాలిన వాసన వచ్చి బూడిద పొడిగా నలిగితే ఉన్ని. గజపతి జిల్లా చంద్రగిరిలో 1963లో స్థిరపడిన టిబెటన్ల తివాచీలు ఈ కోవవి. కాగితం కాలిన వాసనైతే నూలు జంపకానా. కరిగి పూసలా గట్టిపడితే సింథటిక్. ఉన్నికి బ్లీచ్ చుక్క కూడా తగలనివ్వొద్దు, పోగు తినేస్తుంది. బ్లీచ్‌నీ వెనిగర్‌నీ ఎక్కడా కలపొద్దు, విషవాయువు వస్తుంది.

కనబడని మూల వెనిగర్ నీళ్ళు అద్ది, తెల్లగుడ్డ ఐదు నిమిషాలు అదిమి చూడండి. గుడ్డకి రంగు అంటితే అక్కడితో ఆపి, డ్రైక్లీనింగ్‌కి ఇచ్చెయ్యండి.

ఇక కిళ్ళీ. వక్క, ఆకు తుక్కు చెంచా అంచుతో పైకెత్తండి, అదమొద్దు. పొడి తెల్లగుడ్డతో తడి పీల్చండి. ఒక పెద్ద చెంచా తెల్ల వెనిగర్‌లో రెండు పెద్ద చెంచాల నీళ్ళు కలిపి, గుడ్డ ముంచి పిండి, మరక అంచు నుంచి మధ్యకి అద్దుతూ రండి. మధ్య నుంచి బయటికి వస్తే రూపాయంత మరక పళ్ళెమంత అవుతుంది. ఐదు నిమిషాలయ్యాక గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో ఉన్ని బట్టల లిక్విడ్ సబ్బు అర చెంచా గిలకొట్టి, నురగ మాత్రమే అద్దండి. గుడ్డకి ఎరుపు రావడం ఆగేదాకా గుడ్డ మడత మారుస్తూ ఉండండి. చివర మంచినీళ్ళ గుడ్డతో సబ్బు తీసెయ్యాలి, మిగిలిన సబ్బు దుమ్ము పట్టేస్తుంది.

గోధుమరంగు నీడ మిగిలిందా? అది కాచు. మందుల షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ 6 శాతమైతే సమానంగా నీళ్ళు కలిపి 3 శాతం చేసి, లేత రంగు తివాచీ మీద మాత్రమే, చుక్కలుగా వేసి 20 నిమిషాలు ఉంచి తుడవండి. ముదురు రంగు మీద వేస్తే మరక బదులు తెల్లమచ్చ మిగులుతుంది. పసుపుకి ఇంత అక్కర్లేదు. వెనిగర్, నురగ తర్వాత ఎండలో పెడితే మిగతాది ఎండే తినేస్తుంది.

ఆవకాయ నూనె పడితే మొక్కజొన్న పిండి చల్లి అరగంట ఉంచి దులపండి. శనగపిండి వద్దు, పురుగు పడుతుంది. రక్తం, పాలు చన్నీళ్ళతోనే. కోరాపుట్ ఎర్రమట్టి తడిగా ఉండగా ముట్టుకోవద్దు, ఎండాక దులిపితే సగం పోతుంది.

అన్నిటికన్నా ఎక్కువగా చేసే పొరపాటు చెంబుతో నీళ్ళు గుమ్మరించడం. అడుగున జనపనార ఉంటే తడికి దాని రంగు పైకెక్కి కొత్త గోధుమ వలయం వేస్తుంది. అందుకే పని అయ్యాక మడిచిన తెల్లతువ్వాలు వేసి, దాని మీద పళ్ళెం, పళ్ళెంలో నాలుగు కిలోల బియ్యం సంచి పెట్టి రాత్రంతా ఉంచండి. అడుగున దాగిన మరక తువ్వాల్లోకి లాగేస్తుంది. వానాకాలమైతే పొద్దున్నే రెండు కుర్చీల మీద ఎత్తి పరిచి, కింద కూడా ఫ్యాను గాలి తగలనివ్వండి. వెనకవైపు చేత్తో తడిమి, చల్లగా తగలనప్పుడే చుట్టండి.