పొగా, దుమ్మా? ఉపగ్రహ చిత్రంలో నేను తేల్చుకున్న పద్ధతి

ఉపగ్రహ చిత్రాలు చూపించే నాసా వెబ్‌సైటు వరల్డ్‌వ్యూలో మామూలు రంగుల చిత్రం తెరిస్తే లేత బూడిద రంగు పొర ఒకటి కనిపించేది. అది కార్చిచ్చు పొగో, ఎగిరొచ్చిన దుమ్మో, పల్చటి మేఘమో అర్థమయ్యేది కాదు. కాంట్రాస్ట్ పెంచాను, తేదీలు మార్చాను, గాలిలో తేలే కణాల జాడ చూపే ఏరోసాల్ ఇండెక్స్ చూశాను. అది పొగకీ దుమ్ముకీ రెండింటికీ పెరుగుతుంది కాబట్టి అక్కడా తేలలేదు.

చివరికి పని చేసింది ఇది. ముందు అదే చిత్రం మీద విర్స్ (VIIRS) అనే ఉపగ్రహ పరికరం వేడిని బట్టి పట్టిన మంటల్ని చుక్కలుగా చూపే లేయర్ ఆన్ చేశాను. తర్వాత అదే ప్రాంతం, అదే సమయానికి భూస్థిర ఉపగ్రహం (ఎప్పుడూ ఒకే ప్రాంతం మీద ఉండేది) ఇచ్చే డస్ట్ ఆర్‌జీబీ, అంటే దుమ్మును వేరుగా చూపేలా రంగులు వేసిన చిత్రం, తెరిచాను. నాకు దొరికింది జపాన్ వాతావరణ ఉపగ్రహం హిమావరి-9ది, 10 నిమిషాలకో చిత్రం. ఇందులో 8.6, 10.4, 12.4 మైక్రాన్ల దగ్గరి పరారుణ చానెళ్ల తేడాలు వాడతారు. దుమ్ము గులాబీ రంగులో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పొగ కణాలు మరీ సన్నవి కావడంతో ఈ చానెళ్లకు దాదాపు కనిపించవు. నా పొర ఇక్కడ మాయమైంది! అంటే దుమ్ము కాదు, మందపాటి మేఘమూ కాదు. అప్పుడు మామూలు రంగుల చిత్రాల్ని ఒక్కొక్కటిగా వెనక్కి జరుపుకుంటూ పోతే, పొర మొదలు సరిగ్గా మంటల చుక్కల గుంపు దగ్గర తేలింది. అంటే అది పొగే.

అన్నిచోట్లా ఇలాగే కుదురుతుందని చెప్పలేను. పల్చటి దుమ్ము, గాలిలో తేమ ఎక్కువున్నప్పుడు, గులాబీ రంగు చూపించకపోవచ్చు. పైన మేఘాలుంటే అసలు పనికిరాదు. పొగ నేల దగ్గరుందా, పైనెక్కడో పోతోందా అన్నది కూడా దీంతో తెలీదు. దానికి నేల మీది పీఎం 2.5 (గాలిలోని సన్నటి కణాల) రీడింగే చూడాలి.