సానపట్టడం నేర్చుకుందాం – 3వ పాఠం: బర్ వేలికి తగలాలి

మొదటి పాఠంలో వాదర అంటే ఏమిటో చూశాం. రెండు వాలు తలాలు వచ్చి కలిసే గీత అది. ఆ గీత ఎంత సన్నబడితే కత్తి అంత పదును. రెండో పాఠంలో రాయి ముఖం చదునుగా ఉంచుకోవడం, వాలుకు మార్కర్ పూసి రాయి ఎక్కడ ఒరుసుకుంటోందో కనిపెట్టడం నేర్చుకున్నాం. ఇదంతా చేసి, ఓపిగ్గా నూరి, చివరికి కాగితం మీద పెడితే కత్తి తెగక నీరసపడ్డవాళ్లు ఉంటారు. ఈ పాఠం ముఖ్యంగా వాళ్ల కోసం.

చాలామంది అనుమానం ముందుగా రాయి మీదికే పోతుంది. ఇంకా నున్నటి రాయి కొందామా, 3000 గ్రిట్ సరిపోతుందా, 8000 కావాలా అని లెక్కలు మొదలవుతాయి. ప్రస్తుతానికి అవేవీ వద్దు. 1000 గ్రిట్ రాయి ఒక్కటి ఉంటే ఈ పాఠానికి చాలు. కత్తి బాగా మొద్దుబారి ఉంటే పక్కన 400 రాయి ఒకటి ఉండనివ్వండి. గ్రిట్ అంకె తగ్గేకొద్దీ రాయి గరుకు పెరుగుతుందని గుర్తుందిగా.

కత్తి తెగకపోవడానికి నాకు ఎక్కువగా కనిపించే కారణం ఒక్కటే. నూరుడు వాదర దాకా చేరలేదు. వాలు మీద మెరుపు వస్తుంది, నీళ్లు నల్లబడతాయి, పని జరుగుతున్నట్టే ఉంటుంది. కానీ చిట్టచివరి అంచు మాత్రం మొదట ఎంత మొండిగా ఉందో అంతే మొండిగా మిగిలిపోతుంది. అంచు దాకా చేరామని కత్తే చెబుతుంది, ఆ గుర్తు పేరు బర్.

బర్ ఎలా పుడుతుంది

కత్తిని ఒకవైపే నూరుతూ పోతే ఆ వైపు ఉక్కు అరుగుతూ, వాలు తలం అంచు వైపు పాకుతుంది. అంచుకు చేరిన క్షణాన అక్కడ మిగిలిన లోహం ఎంత పలచబడుతుందంటే, రాయి ఒత్తిడికి ఇక నిలబడలేదు. అరిగిపోవడానికి బదులు అవతలి వైపుకు వంగి లేస్తుంది. ఆ సన్నటి పొరే బర్. కంటికి సాధారణంగా దొరకదు. వేలికి మాత్రం ఇట్టే దొరుకుతుంది.

కాబట్టి కుడివైపు నూరుతుంటే బర్ కోసం ఎడమవైపు చూడాలి. నూరుతున్న వైపే తడిమి, ఏమీ లేదనుకుని ఇంకా అరగదీసేవాళ్లు ఎంతోమంది.

తడిమే పద్ధతి జాగ్రత్తగా చదవండి. బొటనవేలి మెత్తటి భాగాన్ని కత్తి వెన్ను దగ్గర ఆనించి, అక్కణ్ణుంచి వాదర వైపు తెచ్చి, అంచు దాటించి గాలిలోకి వదిలేయాలి. వెన్ను నుంచి బయటికి, అంతే. వాదర వెంబడి పొడుగ్గా వేలు నడపడం ఎప్పుడూ చేయకండి. బర్ లేని చోట వేలు నున్నగా జారిపోతుంది. ఉన్న చోట, గోరు పక్కన లేచిన పొర బట్టకు తట్టుకున్నట్టు, చర్మాన్ని సన్నగా పట్టుకుంటుంది. వేలు మీద నమ్మకం కుదరకపోతే చెవిలో పెట్టుకునే దూది పుల్లతో అదే దారిలో తుడవండి. బర్ ఉన్న చోట దూది పోగులు చిక్కుకుంటాయి.

ఇప్పుడు రాయి మీదికి

రాయి కింద తడిగుడ్డ పరవండి, కదలకూడదు. నానబెట్టే రకమైతే బుడగలు ఆగేదాకా నీళ్లలో ఉంచండి. నీళ్లు చల్లితే చాలనే రకాన్ని నానబెట్టనక్కర్లేదు. నూనె రాయి అయితే దానికి నూనె.

కోణం గురించి ఒక్క మాట. వెన్ను నుంచి వాదరకు 40 మిల్లీమీటర్ల వెడల్పున్న కత్తిని 15 డిగ్రీల్లో పట్టాలంటే వెన్ను రాయికి 10 మిల్లీమీటర్లకు కాస్త పైన ఉండాలి. 20 డిగ్రీలకైతే దాదాపు 14. స్కేలు పక్కన నిలబెట్టి ఒకసారి చూసుకోండి, ఆ ఎత్తు చేతికి గుర్తుండిపోతుంది. వంటింటి కత్తికి మొదట్లో 20 దగ్గర మొదలుపెట్టడమే నయం. గట్టి ఉక్కయితే 15కు దిగొచ్చు.

స్కేలు లేకుండా కోణం పట్టుకోవడానికి ఒక ముచ్చటైన దారి ఉంది. తడి రాయి మీద కత్తిని పూర్తిగా పడుకోబెట్టి, వాదర ముందుండేలా మెల్లగా ముందుకు తోస్తూ, వెన్నును కొద్దికొద్దిగా పైకి లేపండి. మొదట నీళ్లు వాదర కిందకు దూరిపోతుంటాయి. ఒకచోట మాత్రం దూరడం మానేసి, వాదర ముందు సన్నటి గీతలా పేరుకుని కత్తి పైముఖం మీదికి ఎక్కుతాయి. అంచు రాయిని తాకిందని అర్థం. అప్పుడే చప్పుడు కూడా మారుతుంది. జారుతున్న చప్పుడు పోయి సన్నటి గరగర మొదలవుతుంది. సానపట్టడంలో నాకు బాగా ఇష్టమైన ఘట్టం ఇదే. రేపు మీకు చూపు మళ్లినా చేయి సరిగ్గా ఉందో లేదో చెవి చెప్పేస్తుంది.

కుడిచేత్తో పిడి పట్టుకుని, చూపుడువేలు వెన్ను మీద ఆనించండి. ఎడమచేతి రెండు మూడు వేళ్లు వాదరకు దగ్గరగా, కత్తి పైముఖం మీద. రాయి పని చేసేది ఆ వేళ్ల కింద ఉన్న చోటే. కాబట్టి కత్తి మొత్తాన్ని ఒక్క ఊపులో నూరాలని చూడకండి. మడమ దగ్గర, అంటే పిడి పక్కన వాదర మొదలయ్యే చోట మొదలుపెట్టి, వేళ్లు ఉన్నంత మేర ముందుకూ వెనక్కూ నూరి, బర్ వచ్చిందా చూసి, పక్కకు జరగండి. వాదర వంపు తిరిగే చోటికి వచ్చాక పిడిని కొంచెం పైకి లేపాలి. లేపకపోతే మొన రాయికి అందదు. మొన ఎప్పటికీ మొండిగానే ఉంటోందని బాధపడేవాళ్లు ముందు ఈ ఒక్కటి సరిచూసుకోండి.

ఎంత గట్టిగా ఒత్తాలి? మాటల్లో చెప్తే అర్థమయ్యేది కాదు. వంటింటి డిజిటల్ తూకం మీద రాయి పెట్టి, తూకాన్ని సున్నా చేసి, వేళ్లతో నొక్కి చూడండి. బర్ లేపే దశలో కిలోన్నర దాకా వెళ్లొచ్చు. చివరి దశలో వంద గ్రాములు దాటకూడదు. ఈ రెంటికీ తేడా చేతికి తెలిస్తే సగం విద్య వచ్చినట్టే.

నల్లటి బురద పేరుకుంటుంది. అందులో అరిగిన ఉక్కు, రాలిన రాతి రేణువులు కలిసి ఉంటాయి. నీటి రాయి మీద దాన్ని మాటిమాటికీ కడిగేయకండి, నూరుడుకు అదీ సాయమే. ఆరిపోతుంటే నాలుగు చుక్కలు చల్లండి.

‘ఒక్కో వైపు ఇరవై సార్లు’ లాంటి సూత్రాలు చాలాచోట్ల కనిపిస్తాయి. నాకు వాటి మీద నమ్మకం లేదు. ఎంత మొద్దుబారింది, ఏ ఉక్కు, ఏ రాయి, మీరెంత ఒత్తారు అన్నదాన్ని బట్టి అయిదు సార్లకే రావచ్చు, రెండు వందలైనా పట్టొచ్చు. మడమ నుంచి మొన దాకా ఎక్కడా తెగకుండా బర్ తగిలేదాకా ఆ వైపు పని అయిపోలేదు. మధ్యలో ఒక అంగుళం మేర తగలకపోతే, ఆ అంగుళం దగ్గరే వేళ్లు పెట్టి నూరండి, కత్తి మొత్తం మళ్లీ అరగదీయడం ఎందుకు?

మొత్తం వచ్చాక తిప్పండి. రెండోవైపు సాధారణంగా తొందరగా అయిపోతుంది. బర్ ఇటునుంచి అటు వంగిందని వేలికి తెలియగానే ఆపేయండి.

అసలు పని: బర్ తీసేయడం

బర్ లేపడం అందరూ నేర్చేసుకుంటారు. తీయడం దగ్గరే కత్తులు పాడవుతాయి. బర్ మిగిలిపోయిన కత్తితో ఒక చిక్కుంది. అది మహా పదునుగా ఉన్నట్టు నటిస్తుంది. చేతి మీది వెంట్రుకలు గీకేస్తుంది, కాగితం కోసేస్తుంది. తీరా పనిలోకి దిగాక కాసేపటికే ఆ పలచటి పొర పక్కకు మడతపడిపోతుంది, లేదా విరిగిపోతుంది. నిన్ననే కదా సానపట్టాను, అప్పుడే మొద్దుబారిందేంటి అనే ఫిర్యాదు వెనుక చాలాసార్లు ఉండేది ఇదే.

తీయడానికి ఒత్తిడి తగ్గించడమే మందు. గట్టిగా ఒత్తి నూరినంతసేపూ పాత బర్ పోయే లోపు కొత్తది లేస్తూనే ఉంటుంది. అందుకే ఇప్పుడు ఒకసారి ఇటు, ఒకసారి అటు, మార్చి మార్చి వెళ్లండి. వాదర ముందుకు ఉండాలి, రాయి మీద నుంచి పలచటి పొర చెక్కుతున్నట్టు. కత్తి బరువు తప్ప మీ బలం పడకూడదు. ప్రతి నాలుగైదు సార్లకు రెండు వైపులా తడమండి. మొదట ఒకవైపు తగులుతుంది, తర్వాత రెండోవైపు, తర్వాత ఎటువైపో తేల్చుకోలేనంత సన్నగా. ఆ దశలో వెన్నును రెండు డిగ్రీలు, అంటే మన 40 మిల్లీమీటర్ల కత్తికి మిల్లీమీటరున్నర కంటే తక్కువే, పైకెత్తి ఒక్కో వైపు రెండు సార్లు తేలిగ్గా పోనివ్వండి. మొండికేసిన బర్ కూడా దీనితో చాలావరకు దిగిపోతుంది.

చివర్లో తోలు పట్టీ మీద తుడవొచ్చు. ఆకుపచ్చ క్రోమియం ఆక్సైడ్ ముద్ద రాస్తే ఇంకా మంచిది. అక్కడ మాత్రం వాదర వెనక ఉండాలి, వెన్ను వైపుకు లాగాలి. లేకపోతే తోలు కోసుకుపోతుంది. గట్టిగా అదమకండి. మెత్తటి తోలు అంచు చుట్టూ మడుచుకుని, అప్పటిదాకా తెచ్చిన పదునును గుండ్రంగా చేసేస్తుంది. తోలు లేకపోతే రాయి మీద వార్తాపత్రిక కాగితం పరిచి తుడిచినా పని నడుస్తుంది. కర్రముక్కకు రుద్ది బర్‌ను తెంపేసే అలవాటు కొందరికి ఉంటుంది. రాయి మీద తగ్గించాల్సినంత తగ్గించాక ఒక్కసారి చేస్తే ఫరవాలేదు. పెద్ద బర్‌ను అలా తెంపితే వాదర చిరిగినట్టు మిగులుతుంది.

ఉక్కును బట్టి కూడా కష్టం మారుతుంది. ఉక్కు గట్టిదనాన్ని చెప్పే రాక్‌వెల్ కొలతలో 54–56 దగ్గరుండే మెత్తటి స్టెయిన్‌లెస్ కత్తిలో బర్ జిడ్డుగా వేలాడుతుంది, అటూ ఇటూ వంగుతుందే గానీ ఊడదు. 60 దాటిన కార్బన్ స్టీలు కత్తిలో అయితే ఇట్టే రాలిపోతుంది. ‘నేర్చుకోవడానికి చవక కత్తి చాలు’ అనే సలహా వినడానికి బాగానే ఉంటుంది కానీ, చవక కత్తే ఎక్కువ ఏడిపిస్తుంది. వీలైతే చిన్న కార్బన్ స్టీలు కత్తి మీద మొదలుపెట్టండి. తుప్పు పట్టకుండా తుడిచి ఆరబెట్టాలి, అదొక్కటే దానితో చాకిరీ.

వేగంగా అవుతుందని పొడి గ్రైండర్ చక్రం జోలికి మాత్రం పోవద్దు. సన్నటి అంచు క్షణాల్లో వేడెక్కుతుంది. మామూలు కార్బన్ స్టీలు నీలిరంగుకు తిరిగిందంటే 290 డిగ్రీల సెల్సియస్ దాకా కాలినట్టే. అక్కడ గట్టిదనం తగ్గిపోతుంది, ఆ నీలి భాగం మొత్తం అరగదీసేదాకా పదును నిలవదు.

పరీక్ష

చేతి వెంట్రుకలు గీకి చూడటం పరీక్షే కాదు, బర్ కూడా ఆ పని చేస్తుందని చెప్పుకున్నాం. ఇలా చేయండి. పలచటి వార్తాపత్రిక కాగితాన్ని పైన పట్టుకుని మడమ నుంచి మొన దాకా ఒక్క లాగులో కోయండి. ఎక్కడైనా చిరిగితే, టక్కున ఆగితే, వాదర మీద ఆ చోటు గుర్తుపెట్టుకోండి. తర్వాత మెత్తటి చెక్క ముక్క మీద కత్తి బరువుతోనే నాలుగైదు కోతలు పెట్టండి. మళ్లీ కాగితం కోయండి. మొదటిసారిలాగే తెగితే బర్ పోయింది. మొదట అద్భుతంగా తెగి, చెక్క తర్వాత తడబడితే మిగిలి ఉంది. రాయి దగ్గరికి వెళ్లి, చివరి దశ ఒక్కటే మళ్లీ చేయండి.

బర్ పూర్తిగా పోయిన వాదర కూడా శాశ్వతం కాదు. గడ్డం గీసుకునే బ్లేడు సంగతి చూడండి. వెంట్రుక కంటే ఉక్కు ఎన్నో రెట్లు గట్టిది. అయినా బ్లేడు మొద్దుబారుతుంది. 2020లో ఎంఐటీ పరిశోధకులు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద దీన్ని చూశారు. బ్లేడు ఏటవాలుగా వచ్చి, ఉక్కు లోపలి నిర్మాణం ఒకేలా లేని బలహీనమైన చోట వెంట్రుక తగిలితే, అంచు నుంచి సూక్ష్మమైన పెచ్చులు లేస్తున్నాయని తేల్చారు. వెంట్రుకే ఉక్కును పెచ్చులూడగొడుతుంటే చెక్కతో పెట్టుకునే కత్తి నుంచి ఎక్కువ ఆశించకూడదు. అయితే వాడుకలో తగ్గిన ఈ కాస్త పదును కోసం మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టనక్కర్లేదు. వాదర ఇంకా పెద్దగా అరగక ముందే 1000 రాయి మీద తేలిగ్గా కొన్నిసార్లు, తర్వాత తోలు మీద తుడిస్తే సరిపోతుంది.

ఈ వారం సాధన

పాత కత్తి ఒకటి తీసుకోండి. వాదరను రాయి ముఖానికి నిలువుగా పెట్టి, రాయిని కోస్తున్నట్టు ఒకట్రెండు సార్లు తేలిగ్గా లాగండి. కావాలనే మొద్దు చేస్తున్నాం. దీపం కింద వాదరను పైనుంచి చూస్తే ఇప్పుడు సన్నటి తెల్లటి గీత మెరుస్తుంది. మొండి అంచు వెలుతురును తిప్పికొడుతుంది, పదునైన అంచు మీద ఏ మెరుపూ కనిపించదు. ఆ తెల్ల గీత మాయమయ్యేదాకా ఒకవైపు, తర్వాత రెండోవైపు నూరండి. ఎక్కడ గీత పోయిందో అక్కడే బర్ లేస్తుందని కంటితో, వేలితో ఒకేసారి తెలుసుకుంటారు. తర్వాత బర్ తీయండి, కాగితం మీద, చెక్క మీద, మళ్లీ కాగితం మీద చూడండి. అదే కత్తిని మళ్లీ మొద్దు చేసి మళ్లీ మొదలుపెట్టండి. కత్తి కొంచెం అరుగుతుంది, అరగనివ్వండి, అందుకేగా పాతది తీసుకున్నది.

నాలుగో పాఠంలో ఉలి. దానికి వాలు ఒకవైపే ఉంటుంది, వెనక ముఖం చదునుగా ఉంటుంది. ఇప్పుడు బర్ వచ్చిన ఊపులో ఆ వెనక ముఖాన్ని కూడా వాలుగా ఎత్తి నూరేయకండి, ఉలి పాడవుతుంది. ఆ వెనక ముఖాన్ని రాయి మీద పూర్తిగా పడుకోబెట్టి, మార్కర్ ఎక్కడెక్కడ చెరుగుతుందో మాత్రం చూసి పెట్టుకోండి. అక్కణ్ణుంచి మొదలుపెడదాం.