బండి నంబరులో అంకెల లెక్క: గుణించే ముందు తేల్చుకోవలసినవి

బెంగళూరు మారతహళ్లిలో మా అపార్ట్‌మెంటులోనే ఉండే అనంతపురం పెద్దాయన ఒకరు కొత్త కారు బుక్ చేసి, లిఫ్టు దగ్గర నన్ను ఆపి, "నంబరు టోటల్ తొమ్మిది రావాల, ఎనిమిది మాత్రం యాడా ఉండకూడదు నాయనా, అట్లాంటివి అసలు ఎన్ని ఉంటాయి?" అని అడిగారు. జాతకం సంగతి పక్కన పెడితే అది చక్కటి లెక్క. అంకెల లెక్కలో తడబడే చోట్లన్నీ అందులో ఉన్నాయి.

కేఏ 53 అని మొదలయ్యే కె.ఆర్.పురం నంబరు ప్లేటులో చివరి నాలుగు స్థానాలను తీసుకుందాం. ఒక్కొక్క స్థానంలో 0 నుంచి 9 వరకు పది అంకెలకు అవకాశం ఉంది కనుక 10×10×10×10 = 10,000 అమరికలు వస్తాయి. అందులో 0000 ఎవరికీ ఇవ్వరు కాబట్టి మిగిలేవి 9,999. ప్లేటు మీద 45ను 0045 అని రాస్తారు, అంటే ముందు సున్నా ఉండవచ్చు. అదే పరీక్షలో "నాలుగంకెల సంఖ్యలు ఎన్ని?" అని అడిగితే వేల స్థానంలో సున్నా కుదరదు కనుక 9×10×10×10 = 9,000 అవుతుంది. పిల్లలు గుణకారంలో కంటే ఇక్కడే ఎక్కువగా తప్పుతారు.

తర్వాత తేల్చుకోవలసినది, ఒకే అంకె రెండోసారి రావచ్చా అన్నది. రాకూడదంటే ప్లేటు మీద 10×9×8×7 = 5,040, నాలుగంకెల సంఖ్యల్లో 9×9×8×7 = 4,536. షరతు ఉన్న స్థానాన్ని ఎప్పుడూ ముందుగా నింపాలి. ఒకట్ల స్థానం నుంచి మొదలుపెడితే సున్నా వాడేశామా లేదా అన్న చిక్కు వేల స్థానం దగ్గర ఎదురవుతుంది. వరుసతో పని లేకుండా ఏ నాలుగు అంకెలు అన్నదే కావాలంటే, ఒకే నాలుగు అంకెలు 4×3×2×1 = 24 వరుసల్లో వస్తాయి కనుక 5,040ను 24తో భాగించి 210 అని చెప్పాలి.

అంకెలు ముందే చేతికిస్తే పని తేలిక. 1, 2, 3, 4తో 24 సంఖ్యలు వస్తాయి. 1, 1, 2, 3 అయితే రెండు ఒకట్లను తారుమారు చేసినా సంఖ్య మారదు కనుక అందులో సగం, 12. భాస్కరాచార్యుడు తన గణిత గ్రంథం లీలావతిలో ఈ లెక్కకు అంకపాశం అని పేరు పెట్టి, వచ్చిన సంఖ్యలన్నిటి మొత్తాన్ని కూడా అడిగాడు. 3, 8, 9తో వచ్చే ఆరు సంఖ్యల్లో ప్రతి అంకె ప్రతి స్థానంలోనూ రెండేసి సార్లు కూర్చుంటుంది. మూడు అంకెల మొత్తం 20, స్థానాల విలువలు 100, 10, 1 కలిపితే 111 కాబట్టి మొత్తం 20×2×111 = 4,440. ఆరింటినీ రాసి కూడవలసిన అవసరమే లేదు.

ఇక పెద్దాయన షరతుల్లో రెండోదాన్ని ముందుగా చూద్దాం. ఎనిమిది లేని అమరికలు 9×9×9×9 = 6,561, 0000 తీసేస్తే 6,560. కనీసం ఒక్క ఎనిమిదైనా ఉన్నవి కావాలంటే 9,999లోంచి దీన్ని తీసివేయడమే, 3,439. "కనీసం" అన్న మాట కనిపిస్తే అసలు లేనివాటిని లెక్కించి తీసేయడమే దగ్గరి దారి.

మొదటి షరతులో "టోటల్ తొమ్మిది" అంటే అంకెల మొత్తం 9, 18, 27, 36లో ఏదైనా కావచ్చు, ఎందుకంటే జనం ఒక్క అంకె మిగిలేదాకా కూడుతూ పోతారు. మొత్తం సరిగ్గా 9 రావడానికి తొమ్మిది చింతపిక్కలను వరుసగా పెట్టి, మధ్యలో మూడు చీపురు పుల్లలు ఉంచి నాలుగు గుంపులు చేయండి. రెండు పిక్కలు, పుల్ల, పుల్ల, ఏడు పిక్కలు, పుల్ల అని ఉంటే అది 2070. పన్నెండు చోట్లలో పుల్లలకు మూడు చోట్లు ఎంచుకోవడమే, పుల్లలు ఒకేలాంటివి, వాటి వరుస (3×2×1 = 6) లెక్కలోకి రాదు కనుక 12×11×10ని 6తో భాగిస్తే 220. మొత్తం 18 కావాలంటే పిక్కలు ఎక్కువ, ఒక గుంపులో పదీ అంతకు మించీ పడే ప్రమాదం ఉంది. ఇదే పద్ధతిలో 21×20×19ని 6తో భాగిస్తే 1,330 పంపకాలు. ఒక గుంపులో ముందే పది వేసేస్తే మిగిలిన ఎనిమిది పిక్కలకు 165 పంపకాలు, నాలుగు గుంపులకు 660. అవి తీసేస్తే 670. ప్రతి అంకెనూ 9లోంచి తీసేస్తే మొత్తం 27 ఉన్నది 9గా మారుతుంది కనుక అక్కడా 220, ఇక 36కు 9999 ఒక్కటే. అన్నీ కలిపితే 1,111. ఇవి తొమ్మిదితో భాగింపబడే సంఖ్యలే కాబట్టి 9,999ని 9తో భాగించి సరిచూసుకోవచ్చు.

రెండు షరతులూ కలిసినప్పుడు ఈ జవాబులను తీసివేయడం, గుణించడం పనికిరాదు, మళ్లీ మొదటి నుంచి నింపాలి. మొదటి మూడు స్థానాలకు 9×9×9 = 729 విధాలు. ఆ తర్వాత నాలుగో అంకె దాదాపుగా తనంతట తానే తేలిపోతుంది. 4, 5, 2 వేస్తే మొత్తం 11, ఇక 7 తప్ప మరేదీ కుదరదు. మూడింటి మొత్తమే తొమ్మిది గుణిజమైన 82 చోట్ల 0, 9 రెండూ కుదురుతాయి. తప్పనిసరిగా 8 కావలసి వచ్చే 81 చోట్ల ఏదీ కుదరదు. కాబట్టి 729కి 82 కలిపి 81 తీసేస్తే 730, అందులో 0000 పోగా 729.

పెద్దాయన కాగితం మీద రాసుకొచ్చిన 4527 ఆ 729లో ఒకటి. అంకెలు కూడితే 18 వస్తోంది, అందులో ఎనిమిది ఉంది కదా అని ఆయనకు కొత్త సందేహం పట్టుకుంది. అది ఈ లెక్కలోకి రాదని చెప్పి లిఫ్టు ఎక్కాను.